పచ్చ అంటే ఏ పచ్చ?

అక్టోబర్ 6

మామయ్యగారికి,

నమస్కారాలు. మేమిద్దరం కులాసాగా ఉన్నాం. మీ అబ్బాయికి జలుబు చేసింది గానీ ఆయన చెప్పుకుంటున్నంత పెద్దదేమీ కాదు.

ఈ ఉత్తరం విమానాశ్రయంలో కూర్చుని రాస్తున్నాను. పెట్టె ఖాళీగా ఉంది. పొద్దున్నే ఆసుపత్రిలో అప్పగించి సంతకం తీసుకున్నాను. తిరుగు ప్రయాణంలో నాకు పరీక్ష రాసి బయటికొచ్చినట్టుంటుంది. వెళ్ళేటప్పుడు మాత్రం మంచినీళ్ళు తాగాలన్నా పెట్టె వంక చూస్తూనే తాగుతాను. ముక్కూ మొహం తెలియని మనిషి ఎవరో ఇచ్చిన ఎముక మూలుగ, ముక్కూ మొహం తెలియని రోగి ఎవరికో అందాలి. ఆ రోగి ఒంట్లో ఉన్న చెడ్డ మూలుగనంతా అప్పటికే మందులతో తుడిచేసి ఉంటారు. గడువులోగా నేను చేరకపోతే ఆ మనిషికి ఇంకో దారి లేదు.

అత్తయ్యగారు ఎదురింటావిడతో "మా కోడలు మూలుగ మోస్తుంది" అంటే, ఆవిడ "పాపం, మూలుగుతూ మోయడం దేనికి, కూలీని పెట్టుకోవచ్చుగా" అన్నారట. మీ అబ్బాయి అది తలుచుకుని దగ్గుతూ నవ్వుతున్నారు, నవ్వుతూ దగ్గుతున్నారు.

అసలు సంగతికొస్తాను. నేను ఎక్కేవి రెండు కంపెనీల విమానాలు. ఒకదాని తోక ఆకుపచ్చ, రెండోదాని తోక పసుపుపచ్చ. టికెట్టు మా సంస్థ కొంటుంది, కంపెనీ మాత్రం మా ఇష్టానికి వదిలేస్తుంది. ఏడాదిలో ఒకే కంపెనీ విమానాలు బాగా ఎక్కితే వాళ్ళు మనకొక హోదా కార్డు ఇస్తారు. ఏడాది తిరిగిందా, లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. నేనేమో ఏది ముందు దొరికితే అది ఎక్కేసి, రెండు చోట్లా గట్టు దగ్గరికొచ్చి ఆగాను. రెండింట్లోనూ రానూపోనూ కలిపి ఒక్కో ప్రయాణం తక్కువ. డిసెంబరు ముగిసేలోగా నా వంతుకి ఇంకొక్కటే వచ్చేలా ఉంది. అంటే ఏదో ఒక కార్డే.

ఆకుపచ్చవాళ్ళది గోల్డు కార్డు. అది చూపిస్తే లాంజీలోకి రానిస్తారు. మెత్తటి సోఫాలు, అడిగినంత కాఫీ, మనతో పాటు ఒక అతిథిని కూడా తీసుకెళ్ళొచ్చు. పసుపుపచ్చవాళ్ళ కార్డు చూడ్డానికి లైబ్రరీ కార్డులా ఉంటుంది. లాంజీ లేదు, కాఫీ లేదు. కాకపోతే విమానం రద్దయితే తర్వాతి దాంట్లో మొదటి ఖాళీ సీటు కార్డున్నవాళ్ళకే, వేరే కంపెనీ విమానమైనా సరే.

మీరు బస్సు డిపోలో కంట్రోలరుగా ఎన్ని బళ్ళు నడిపించారో! మీరు ఏది మంచిదంటారు?

మీ కోడలు

* * *

అక్టోబర్ 15

అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి నా కోసం, ఒకసారి మీ అత్తయ్యకి వినిపించడం కోసం. ఫోన్ చేసుకోవచ్చు కదా అంటాడు మావాడు. డిపోలో ఫోనంటే ఆర్డర్లు వేయడానికే. "ఆ బండి ఆపు, ఈ బండి తియ్" అంతే. నాకా అలవాటు పోలేదు. మనసు విప్పి మాట్లాడుకోవాలంటే ఉత్తరమే.

ఇందులో తల బద్దలు కొట్టుకోవడానికి ఏముందమ్మా? ఆకుపచ్చే! గోల్డు ఇస్తామంటుంటే లైబ్రరీ కార్డు ఎవరైనా తీసుకుంటారా? మనిషికి హోదా ఉందంటే నలుగురికీ కనపడాలి. కనపడని హోదా జేబులో ఉన్న గడియారం లాంటిది, మనకి తప్ప ఇంకెవరికీ టైము చెప్పదు.

మొన్న బావగారు వచ్చారు. మీ నాన్నగారంటే నాకు గౌరవమే, అది వేరే సంగతి. నీ ఉద్యోగం మాట రాగానే "మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ అంతేనండీ, చేతిలో గ్లాసు తొణకనిచ్చేది కాదు" అన్నారు. గ్లాసు సంగతి ఆయనదే కావచ్చు. నువ్వు ఈ పనిలో చేరింది మా ఇంటి కోడలివయ్యాక. ఆ మాటే అన్నాను. అప్పుడాయన, తన మేనల్లుడికి ఏదో కంపెనీవాళ్ళు వెండి కార్డు ఇచ్చారని తీరిగ్గా చెప్పారు. అది విన్నప్పట్నుంచీ అన్నం సయించడం లేదు.

జనవరి చివర్లో బావగారూ నేనూ మీ ఇంటికి వస్తున్నాం కదా. తిరిగొచ్చేటప్పుడు నువ్వు కూడా సెలవు పెట్టి మాతో వస్తానన్నావు. ఆ రోజు నువ్వు గోల్డు కార్డు చూపించి లాంజీలోకి వెళ్తావు. నీతో ఒక అతిథి వస్తాడు. ఆ అతిథి ఎవరో నేను విడమర్చి చెప్పక్కర్లేదు. బావగారు బయట కుర్చీలో కూర్చుని పేపరు చదువుకుంటారు. ఆయనకి పేపరంటే ప్రాణం.

మీ అత్తయ్య ఇదంతా విని "ఆలూ లేదు, చూలూ లేదు" అని మొదలుపెట్టింది. మిగతాది నీకు తెలుసుగా.

ఇట్లు,
మామయ్య

* * *

నవంబర్ 2

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి చాలా ఆలోచించాను. మీ అబ్బాయిని అడిగితే బొమ్మా బొరుసూ వేయమన్నారు. పదిమందికి పాఠం చెప్పే మాస్టారు ఇచ్చే సలహా అది!

పోయిన వారం మాలో ఒకాయన పెట్టె పట్టుకుని బయల్దేరితే, వానకి విమానం రద్దయింది. వరుసలో నిలబడి నిలబడి, సీటు దొరక్క, చివరికి కారు మాట్లాడుకుని వెళ్ళారు. గడువులోగానే అందింది గానీ, ఆయన ఇప్పటికీ చినుకు పడితే లేచి కిటికీ దగ్గరికి వెళ్తున్నారు. ఆయన్ని చూశాక నాకు తేల్చుకోవడం తేలికైంది. మీరు చెప్పినవన్నీ గుర్తుపెట్టుకునే నిర్ణయించుకున్నాను. పచ్చవాళ్ళే. మీరు కోప్పడరని నా నమ్మకం.

డిసెంబరు మూడో వారంలో ప్రయాణం ఉంటుందంటున్నారు. అది పచ్చవాళ్ళతో చేస్తే కార్డు చేతికొచ్చినట్టే. చేతికొచ్చేదాకా మాత్రం ఎవరికీ చెప్పకండి.

అత్తయ్యగారి మోకాలికి నేను పంపిన పట్టీ సరిపోయిందా? బిగుతైతే మార్పిస్తాను.

మీ కోడలు

* * *

నవంబర్ 12

బంగారు తల్లికి,

ఆశీస్సులు. నాకెందుకమ్మా కోపం? రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే! పచ్చ అన్న ఆ ఒక్క మాట చదవగానే నా వయసు సగానికి తగ్గింది.

ఎవరికీ చెప్పొద్దన్నావు. అది నీ ఉత్తరం చివర్లో ఉంది. అక్కడిదాకా చదివేలోపే సెలూన్‌లో చెప్పేశాను. అక్కడ చెప్పాక వేరే ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. అయినా పాత డ్రైవర్లు టీ కొట్టు దగ్గర కలిస్తే వాళ్ళకీ చెప్పాను. "మా కోడలికి విమానంవాళ్ళు గోల్డు ఇస్తున్నారు" అంటే ఒకడు ఎన్ని తులాలని అడిగాడు. వాడితో నాకెప్పుడూ ఇంతే.

బావగారికి మాత్రం స్వయంగా వెళ్ళి చెప్పాను. కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు! కాసేపటికి తేరుకుని "అతిథిగా తండ్రిని తీసుకెళ్ళడం ధర్మం కదండీ" అన్నారు. నేను "ధర్మం సరే, ఇంటిపేరు మాది" అన్నాను. కాఫీ తాగకుండా వచ్చేశాను, ఆయన ఇవ్వలేదు కూడా.

ఇంకో మాట. ఆ తక్కువైన ఒక్క ప్రయాణాన్ని డిసెంబరు దాకా గాల్లో దీపంలా పెట్టడం దేనికి? ఇంట్లో పెద్దవాళ్ళం ఉన్నాం. ఇంతకంటే ఇప్పుడు చెప్పను.

పట్టీ సరిపోయింది. దాన్ని కట్టుకునే మీ అత్తయ్య ఇల్లంతా నా వెంటపడి తిడుతోంది.

మామయ్య

* * *

డిసెంబర్ 5

మామయ్యగారికి,

నమస్కారాలు. పని మీద రైళ్ళలో వేరే ఊళ్ళు తిరుగుతూ మీ ఉత్తరం ఇవాళే చూశాను. చదివి మీ అబ్బాయీ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

నేను పచ్చ అన్నది పసుపుపచ్చని, మామయ్యగారూ. మా పుట్టింట్లో పచ్చ అంటే పసుపే. ఆకుపచ్చని ఆకుపచ్చ అనే అంటాం. "పచ్చకామెర్లు ఆకుపచ్చగా ఉంటాయా?" అని నేనంటే, "పచ్చగడ్డి పసుప్పచ్చగా ఉంటుందా?" అని మీ అబ్బాయి. అరగంట వాదించుకున్నాం. పెళ్ళయి ఇన్నేళ్ళయినా పచ్చ అంటే ఏ పచ్చో తేల్చుకోలేదు మేము.

తప్పు నాదే, విడమర్చి రాయాల్సింది. అయినా ఇప్పుడు దాని గురించి మీరేమీ అనుకోకండి. మీరు సెలూన్‌లో చెప్పారు, డ్రైవర్లకి చెప్పారు, మా నాన్న గుమ్మంలో నిలబడి చెప్పారు. నా వల్ల మీరు వాళ్ళ ముందు తల దించుకోవడం నాకిష్టం లేదు. నా ఉద్యోగం గురించి ఇంత గొప్పగా చెప్పుకునేవాళ్ళు నాకు ఇంకెవరున్నారు? కాబట్టి ఈ నెల ప్రయాణం ఆకుపచ్చవాళ్ళతోనే చేస్తాను. గోల్డే తీసుకుంటాను. బాధగా లేదా అంటే, ఉంది. పెట్టె ముఖం చూస్తే ఉంది, మీ ముఖం తలుచుకుంటే లేదు.

ఇంకో సంగతి వినండి. ఆకుపచ్చవాళ్ళ నుంచి మెసేజ్ వచ్చింది. నా సభ్యత్వం నంబరు పెట్టి ఎవడో వేరే పేరుతో ప్రయాణం చేశాడట! పేరు చెప్పరట, అది వాళ్ళ నియమం. పేరు కలవలేదని లెక్కలోకి తీసుకోలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే ఫిర్యాదు రాశాను. "ఇలాంటి దొంగల్ని ఊరికే వదలొద్దు, జన్మలో మళ్ళీ విమానం మెట్లు ఎక్కనివ్వొద్దు" అని గట్టిగానే పెట్టాను. మీరైతే ఇంకా గట్టిగా రాసేవారు.

మీ కోడలు

* * *

డిసెంబర్ 13

అమ్మా,

ఇందాక ఫోన్‌లో "పసుపుపచ్చ బండే ఎక్కు, మారుమాట్లాడకు" అని పెట్టేశాను కదా. అది ఆర్డరు. ఇది దానికి సంజాయిషీ.

ఆ దొంగని నేనే.

నువ్వు నవ్వడం అయ్యాక తక్కింది చదువు. డిపోలో మాకు కుటుంబం పాసు అని ఉండేది. ఇంటికంతటికీ ఒకటే. మీ అత్తయ్య ఎక్కినా, పిల్లలు ఎక్కినా ఆ పాసు మీదే. అలాంటి పాసులు నా చేత్తో ఎన్నో రాశాను. విమానంవాళ్ళ నంబరూ ఇంటి నంబరే అనుకున్నాను. పోయినసారి నువ్వొచ్చినప్పుడు సంచికి కట్టి ఉన్న చీటీ మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని మీద నంబరుంది. తక్కువైన ఆ ఒక్క ప్రయాణం నేను చేసేస్తే, గోల్డు నీ ఒళ్ళో వాలుతుంది. నువ్వు ఆశ్చర్యపోతావు. ఇదీ నా పథకం. టికెట్ల షాపావిడ "అక్కడేం పనండీ?" అంటే "ఏం లేదు, వెళ్ళి వచ్చేయడమే" అన్నాను. ఆవిడ నన్ను ఒకటికి రెండుసార్లు చూసింది. మీ అత్తయ్యకి పాత స్నేహితుడి ఇంటికని చెప్పాను. ఇప్పుడు నిజం తెలిసి, నిన్నటి నుంచి నా కాఫీలో పంచదార వేయడం మానేసింది.

వెళ్ళడం బాగానే వెళ్ళాను. మొదటిసారి విమానం ఎక్కానమ్మా. పైకి లేచేటప్పుడు, మా కోడలు పెట్టె పట్టుకుని ఎన్నిసార్లు ఇక్కడిదాకా వచ్చిందో కదా అనుకుంటే, పక్కనున్న ముసలాయనకి చెప్పకుండా ఉండలేకపోయాను.

తిరిగొచ్చేటప్పుడే పొగమంచు పట్టింది. పొద్దున్నుంచీ ఒక్క బండీ కదల్లేదు. నేనక్కడ ఊరికే కూర్చున్నాననుకున్నావా? జీవితమంతా ఆగిపోయిన బళ్ళ మధ్య బతికినవాణ్ణి. రెండు కౌంటర్లకీ కనపడేట్టు నిలబడి చూశాను. ఆకుపచ్చవాళ్ళు గోల్డు కార్డులవాళ్ళని ఎంత మర్యాదగా పిలిచారనీ! "లోపల కూర్చోండి సార్, కాఫీ తీసుకోండి సార్." వాళ్ళంతా దర్జాగా లోపలికి వెళ్ళారు. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే కప్పు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, మాతో పాటు బోర్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఈలోగా పసుపుపచ్చ కౌంటరమ్మాయి లైబ్రరీ కార్డులవాళ్ళని పిలిచి, మంచు కాస్త విచ్చగానే కదిలిన మొదటి బండిలో ఎక్కించి పంపేసింది.

కదలని బండిలో కిటికీ సీటు ఇస్తే ఏం చేసుకుంటాం? నువ్వు పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఆ సోఫాలో కూర్చున్నట్టు ఊహించుకున్నాను. నువ్వు మొదటి ఉత్తరంలోనే రాశావు ఈ సంగతి. నా కళ్ళు గోల్డు అన్న చోటే ఆగిపోయాయి.

అప్పుడే నీకు ఈ మాట రాయాల్సింది. ఇంటికి వచ్చాక మూడుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. ఊరంతా చెప్పాక వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. నా పరువు కోసం నీ పెట్టెని వదులుకుంటానని రాశావు. నీ మామగారి మీసం ఒక ప్రాణం కంటే పెద్దదా తల్లీ? నేను ఇన్నాళ్ళూ గొప్పగా చెప్పుకున్నది నీ కార్డు గురించి కాదు, నీ గురించి. ఆ తేడా నాకే ఆలస్యంగా తెలిసింది.

రేపు సెలూన్‌కి వెళ్ళి చెప్పేస్తాను. బావగారికీ చెప్తాను. ఆయనకి ముందు నీళ్ళు ఇచ్చి మరీ చెప్తాను, సంతోషం తట్టుకోలేక ఏమైనా అవుతుందేమోనని.

ఫిర్యాదు వెనక్కి తీసుకో. జనవరిలో నేను విమానం మెట్లు ఎక్కాలి.

దొంగ మామయ్య

* * *

జనవరి 9

మామయ్యగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం ఆసుపత్రి వరండాలో చదివాను. నవ్వాను, తర్వాత కళ్ళు తుడుచుకున్నాను, తర్వాత మళ్ళీ దొంగ దగ్గరికొచ్చి నవ్వాను. నర్సు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

పసుపుపచ్చవాళ్ళతోనే వెళ్ళొచ్చాను. కార్డు వచ్చింది. మీ అబ్బాయి దాన్ని వెలుగులో పెట్టి, అటూ ఇటూ తిప్పి "ఇంతేనా?" అన్నారు. ఇంతే. నాకిదే కావాలి.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. దొంగ మా మామగారేనని, నా మీద ప్రేమతో చేశారని రాస్తే, "మీ మామగారికి మా నమస్కారాలు, దయచేసి మళ్ళీ చేయొద్దని చెప్పండి" అని జవాబిచ్చారు.

నాన్న ఫోన్ చేశారు. మీరు వెళ్ళి చెప్పారట కదా. ఎగతాళి చేస్తారనుకున్నాను. "మీ మామగారు వచ్చి చెప్పిన తీరు చూసి, ఏమీ అనబుద్ధి కాలేదే" అన్నారు. కాఫీ కూడా ఇచ్చారట. ఇద్దరూ రండి. ఈసారి ఇద్దరికీ బయట కుర్చీలే.

మీ కోడలు

* * *

ఫిబ్రవరి 3

అమ్మాయికి,

ఆశీస్సులు. మేము క్షేమంగా చేరాం. "అందింది" అని నువ్వు మావాడికి పంపిన ఒక్క మాట వాడు మాకు ఫోన్‌లో చదివి వినిపించాడు. మీ అత్తయ్య ఆ మాట విన్నాకే నా కాఫీలో పంచదార వేసింది.

ఆ రోజు సంగతి నీకు తెలియాలి, అందుకే రాస్తున్నాను. నువ్వు చూడలేదు. పొద్దున బట్టలు సర్దుకుంటుండగా నీకు పిలుపొచ్చింది. మాతో రావాల్సిన దానివి సంచి అక్కడే వదిలేసి ఆసుపత్రికి పరిగెత్తావు. మాకు కష్టం అనిపించలేదంటే అబద్ధం. పది రోజులు మాతో ఉంటావని మీ అత్తయ్య ఎదురుచూస్తోంది. బావగారూ నేనూ కారులో బయల్దేరాం.

విమానాశ్రయంలో కూర్చున్నాక గాలివాన మొదలైంది. బోర్డు మీద ఒక్కొక్క బండీ రద్దు. మాది రద్దు. నువ్వు వెళ్ళాల్సిందీ రద్దు. నాకు తెలుసు, బోర్డు చదవడం నా పాత పని. బావగారికి చెప్పలేదు. ఆయన పేపరు తలకిందులుగా పట్టుకుని ఉన్నారు, అంటే ఆయనకీ తెలిసిపోయింది.

అప్పుడొచ్చావు నువ్వు. రెండు చేతులతో పెట్టె పట్టుకుని, అటూ ఇటూ చూడకుండా నేరుగా పసుపుపచ్చ కౌంటరుకి. జనం గోలగోలగా ఉన్నారు. ఆ అమ్మాయి నీ కార్డు చూసింది, ఫోన్ ఎత్తింది, పక్క కంపెనీవాళ్ళతో మాట్లాడింది. వాన కాస్త తెరిపివ్వగానే పిలిచిన మొదటి పేరు నీదే. హాలంతా మైకులో వినపడింది. ఇంటిపేరుతో సహా.

నేను లేచి నిలబడ్డాను. పక్కకి చూస్తే బావగారు అప్పటికే నిలబడి ఉన్నారు. మమ్మల్ని చూసి, మా విమానానికే పిలిచారేమోనని మా వరుస వరుసంతా సంచులు సర్దుకుని లేచింది. నువ్వు మా ముందు నుంచే నడిచివెళ్ళావు. నీ చూపు పెట్టె మీద ఉంది. మేము పిలవలేదు, పిలిస్తే నువ్వు తల తిప్పుతావని. అంత గర్వంగా నేను ఎప్పుడూ ఎక్కడా నిలబడలేదమ్మా, డిపోలో నన్ను స్టేజీ మీదికి పిలిచి సన్మానం చేసిన రోజున కూడా.

పక్కనున్నావిడ అడిగింది: "ఎవరండీ ఆవిడ? ఇంత పెద్దవాళ్ళు మీరు లేచి నిలబడ్డారు?"

నేను "మా కోడలు" అని చెబుదామని నోరు తెరిచాను. ఆయన "మా కూతురు" అని చెబుదామని తెరిచారు. ఇద్దరి నోట్లోంచీ ఒక్కసారే వచ్చింది.

"మా అమ్మాయండీ."

ఈ ఉత్తరం రాస్తుంటే బావగారు పక్కనే ఉన్నారు. తనూ సంతకం పెడతానంటున్నారు. పెట్టనిస్తున్నాను.

మామయ్య

నాన్న